బారసాల మర్నాటి తూకం

నేను ఒక త్రాసును. కూరగాయల కొట్టులో వేలాడేదాన్ని కాదు, నగల దుకాణంలో గాజుపెట్టెలో కూర్చునేదాన్నీ కాదు. పసిపిల్లలను తూచేదాన్ని. నాకు తెల్లటి పూత పూసిన రేకు తొట్టి ఒకటుంది. దాని కింద రెండు దండెలు, ఒకదాని మీద కిలోల గుండు, ఇంకొకదాని మీద గ్రాముల గుండు. బిడ్డను తొట్టిలో పడుకోబెట్టి గుండ్లను వేలితో జరుపుకుంటూ పోతే, ఒకచోట దండె కాసేపు ఊగి సమంగా నిలుస్తుంది. అక్కడున్న అంకె బిడ్డ బరువు. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే.

ప్రస్తుతం కాకినాడలో ఒక నర్సుల శిక్షణ కళాశాలలో, మెట్ల పక్కనున్న అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా ముందు అట్టముక్క మీద 'పాతకాలపు పరికరం. వాడుకలో లేదు' అని రాసిపెట్టారు. రాసిన అమ్మాయి దస్తూరి గుండ్రంగా బాగుంది. అందులో అబద్ధమూ లేదు. వాడుకలో లేకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు. ఆ తేడా ఆ అమ్మాయికి ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది.

నేను పుట్టింది అంబాలాలో, ఆసుపత్రి సామాన్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో. నా తొట్టిలో మొదట పడుకున్నది ఐదు కిలోల గోధుమపిండి సంచి. అది ఏడవలేదు, కాళ్ళు ఆడించలేదు, తొట్టిని తడపలేదు. లోకం అంతా అంత నెమ్మదిగా ఉంటుందని అనుకుని రైలెక్కాను. కాకినాడలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో దిగిన మొదటిరోజే నా అభిప్రాయం మారింది.

ఆ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఎన్ని వేలమంది నా మీద పడుకున్నారో లెక్కపెట్టలేదు. మనుషులు మాత్రం నన్ను ఎప్పుడూ నా పనికి మించిన ప్రశ్నలే అడిగారు. నేను రెండు కిలోల తొమ్మిది వందలు అంటాను. తండ్రి దాన్ని తన ప్రయోజకత్వంగా వింటాడు. నాయనమ్మ 'మా వైపు అందరూ మూడు కిలోలకు తక్కువ పుట్టలేదు' అని వంద గ్రాముల లోటును కోడలి ఖాతాలో వేస్తుంది. మంచం మీదున్న తల్లి మాత్రం అంకె సరిగా వినదు. 'బాగానే ఉన్నాడా?' అంటుంది. దానికి నా దగ్గర గుండు లేదు.

సువార్తమ్మ ఆ ఆసుపత్రికి నర్సు చదువు కోసం వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ధవళేశ్వరం పిల్ల. చేరిన వారంలోనే ఒక బిడ్డను తువ్వాలుతో సహా తూచి పుస్తకంలో రాసేసింది. పెద్ద నర్సు ఆ తువ్వాలును విడిగా నా మీద వేయించింది. పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి, పిండి ఒకసారి. మూడు అంకెలూ సువార్తమ్మ చేతనే చదివించింది. వార్డంతా నవ్వింది. ఆ తర్వాత సువార్తమ్మ దగ్గర ఒక్క దారప్పోగుతో కూడా ఏ బిడ్డా నా మీదికి ఎక్కలేదు. బిడ్డను పెట్టేముందు నా తొట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచేది. రేకు చల్లగా ఉంటుంది కదా. ఆ పని ఎవరూ ఆమెకు నేర్పలేదు.

తర్వాత కరెంటు త్రాసు వచ్చింది. మీట నొక్కితే ఎర్రటి అంకె వెలుగుతుంది, గుండు జరిపే పని లేదు. నన్ను సామాన్ల గదిలో విరిగిన మంచాల పక్కన పెట్టారు. చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాను. సువార్తమ్మ పదవీ విరమణ రోజున శాలువా కప్పి, గుర్తుగా ఏం కావాలని అడిగారట. సామాన్ల గది తాళం అడిగింది.

అలా నేను జగన్నాథపురంలో ఆమె ఇంటి వసారాకు చేరాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. వసారాలో ఒక బల్ల, దాని మీద నేను, పక్కన నీలం అట్ట నోటుపుస్తకం. చుట్టుపక్కల వీధుల్లోని తల్లులు పిల్లలను ఎత్తుకుని వచ్చేవారు. తూచి, రాసి, రెండు మాటలు చెప్పి పంపేది. ఉదయం ఎండ నా తొట్టి మీద పడేది. ఆ ఐదారేళ్ళూ నా జీవితంలో మంచి కాలం. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

శేషుకుమారి మొదటిసారి ఆ వసారా ఎక్కింది ఒక ఫిబ్రవరి ఉదయం. వయసు ఇరవై ఎనిమిది. ఆర్టీసీ బస్సులో కండక్టరు. పద్నాలుగు రోజుల ఆడపిల్లను ఆమె అత్తగారు నూకరత్నం ఎత్తుకుంది. శేషుకు తల్లి లేదు, అందుకే పురుడు అత్తగారింట్లోనే. నూకరత్నం నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటి సిస్టరుగోరూ, పిల్లేవన్నా వంకాయలా తూకవెయ్యడానికి? దిష్టి కొట్టదా?"

"వంకాయలకి దిష్టి తగల్దా ఏంటి? బజార్లో రోజూ తూస్తున్నారు, నవనవలాడుతున్నాయి" అంది సువార్తమ్మ. "పిల్లనిటివ్వండి."

నూకరత్నం బిడ్డ అరికాలికి ఇంకొక కాటుక చుక్క పెట్టి, అప్పుడు ఇచ్చింది. 

రెండు కిలోల ఆరు వందల పది. పుట్టినప్పుడు రెండు ఎనిమిది వందలు. పసిపిల్లలు మొదటి వారంలో కొంచెం తగ్గుతారు, రెండో వారానికి తిరిగి అందుకుంటారు. ఈ పిల్ల అందుకోలేదు. పిల్లల డాక్టరు అప్పటికే డబ్బాపాలు సీసాతో పట్టమని చెప్పారట. 

"డబ్బాపాలు పడితే పోలే? పిల్ల నా దగ్గర పడుకుంటది, నువ్వు డూటీకెళ్ళొచ్చు" అంది నూకరత్నం కోడలితో. ఆ మాటలో దురుద్దేశం లేదు. శేషు తల వంచుకుంది.

సువార్తమ్మ ఆ తలను కాసేపు చూసింది. తర్వాత నూకరత్నంతో "పెరట్లో మునగచెట్టుంది, లేతాకు మీకు కావల్సినంత కోసుకోండి. బాలింతకి మంచిది" అంది. నూకరత్నం కొంగు దోపుకుని వెళ్ళింది. వసారాలో మేం ముగ్గురమే మిగిలాం. బిడ్డతో నలుగురం.

"నాకు ఆపరేషనైందండీ" అంది శేషు. "పెళ్ళికి మూడేళ్ళ ముందు. వైజాగ్‌లో."

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్. ఆమె గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. పదిహేనేళ్ళ వయసు నుంచే మెడనొప్పి, భుజాల మీద లోతుగా పడిన గాడులు. ఉద్యోగంలో చేరాక టికెట్ల సంచి పట్టీ రొమ్ముల మధ్య నుంచి వేసుకోవాలి. కిక్కిరిసిన బస్సులో ముందు నుంచి వెనక్కి రోజుకు ఎన్నోసార్లు తోసుకుంటూ తిరగాలి.

"టికెట్టిచ్చినప్పుడు నా మొహం చూసి చిల్లర తీసుకున్నోళ్ళని వేళ్ళ మీద లెక్కెట్టొచ్చండీ. అది సరే, ఆ నొప్పికి రాత్రిళ్ళు బోర్లా పడుకోడానికుండేది కాదు. ఆ డాక్టరుగారు ముందే చెప్పారు, పిల్లలకి పాలివ్వడం కష్టం అవ్వచ్చని. సంతకం పెట్టాను. పెళ్ళే లేదు, పాలేంటి అనుకున్నాను. మా ఆయనకి తెలుసు. అత్తయ్యకి తెలీదు."

"ఇప్పుడు ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోందా?"

"లేదండీ." చాలా త్వరగా వచ్చింది ఆ జవాబు. తర్వాత నెమ్మదిగా అంది: "అదీ కావాలి, ఇదీ కావాలనుకోడం తప్పాండీ?"

సువార్తమ్మ బిడ్డను తల్లికి ఇచ్చి పాలు పట్టమంది. పట్టాక మళ్ళీ నా మీద పడుకోబెట్టింది. ముందూ వెనకా తూస్తే మధ్యలో కడుపులోకి వెళ్ళిన పాలు తెలుస్తాయి. ఎడమవైపు పాతిక గ్రాములు. కుడివైపు ఐదు, లేదా ఏమీ లేదు. అంత చిన్న తేడా చెప్పడం నాకు ఇబ్బంది. అయినా చెప్పగలిగినంత చెప్పాను.

"పాలున్నాయి" అంది సువార్తమ్మ. "చాలవు. రెండూ నిజాలే. ముందు బిడ్డ కడుపు నిండాలి, మిగతాది తర్వాత. రోజుకి మూడుసార్లు ఉగ్గుగిన్నెతో డబ్బాపాలు పట్టు, మిగతా అన్నిసార్లూ రొమ్మే. సీసా వద్దు. సీసా అలవాటైతే నీ దగ్గర కష్టపడ్డం మానేస్తది. ఎనిమిది రోజులు చూద్దాం. రోజుకు ఇరవై గ్రాములన్నా పెరగాలి. పెరక్కపోతే నా మాటా మార్చుకోవాల్సొస్తది."

నూట అరవై గ్రాములు. ఒక చిన్న మామిడికాయ బరువు. శేషు ఆ అంకెను పెదవులతో ఒకసారి అనుకుని వెళ్ళింది.

ఆ ఎనిమిది రోజుల్లో నేను చూడని సంగతులన్నీ తర్వాత మాటల్లో విన్నవే. నూకరత్నం కోడలికి పాలు పడడానికి తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. పొద్దున్నే వెల్లుల్లి కారం, మధ్యాహ్నం మునగాకు, రోజు విడిచి రోజు పాలసొర చేప పిట్టు. కాకినాడలో బాలింతకు పాలసొర పెట్టకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు. కుంభాభిషేకం రేవు దగ్గరికి పొద్దున్నే తానే వెళ్ళి, దాని మొప్పలు చూసి, బేరమాడి తెచ్చేదట. శేషు కిమ్మనకుండా తినేది. ఆపరేషన్‌లో తెగిన పాల దారులను ఏ చేపా అతికించలేదని ఆమెకు తెలుసు.

ఇరవయ్యొకటో రోజున బారసాల చేశారు. పేరు జాహ్నవి. మర్నాడు ఉదయం వాళ్ళు నా దగ్గరికి వచ్చారు. ఈసారి ఇద్దరే కాదు, బారసాలకు వచ్చిన చుట్టాల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా వసారా మెట్ల మీద నిలబడ్డారు. జాహ్నవికి పట్టుగౌను. చేతులకు వెండి మురుగులు, కాళ్ళకు కడియాలు, నడుముకు నల్లదారంతో అల్లి ముడివేసిన వెండి మొలతాడు.

సువార్తమ్మ గౌను విప్పింది. లోపలి గుడ్డ తీసింది. కడియం మీద చెయ్యి వేసింది.

"అయ్యయ్యో, తియ్యకండి సిస్టరుగోరూ!" అంది నూకరత్నం. "నిన్ననే గదా ఏసింది. కట్టిన మర్నాడే మొలతాడు తీత్తారా ఎవరన్నా? ఒట్టి మొల మంచిది కాదండి."

మెట్ల మీద ఆడవాళ్ళందరూ అవునవునన్నారు. సువార్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత తీసివేత చేసుకోవచ్చని అనుకుని ఉంటుంది. తొట్టి మీద అరచెయ్యి ఆనించి, బిడ్డను పడుకోబెట్టి, గుండు జరిపింది. 

రెండు కిలోల ఏడు వందల తొంభై.

నూట ఎనభై పెరిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. "పాలసొరా మజాకానా!" అంది నూకరత్నం. శేషు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సువార్తమ్మ నోటుపుస్తకంలో ఆ అంకె రాసింది, దాని కింద ఒక గీత కూడా గీసింది. "ఇంక ఆ డబ్బాపాలు ఆపెయ్యొచ్చు గదండీ?" అని నూకరత్నం అడిగితే, "ఒక్కొక్కటిగా తగ్గించి చూద్దాం" అంది. తీసివేత చేయలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. నా మీద ఏం పెట్టారో దాని బరువు చెప్పాను. తువ్వాలును మూడుసార్లు తూచిన మనిషికి వెండి ఎందుకు కనబడలేదో చాలా రోజులు ఆలోచించాను. అన్నేళ్ళలో నా గుండును ఆమె ఎన్నడూ తనకు ఇష్టమైన చోట ఆపలేదు. ఆ రోజు ఆమెకు కూడా ఆ అంకె కావాలి. అంతకు మించి నాకు కారణం దొరకలేదు.

మర్నాడు ఉదయం శేషు ఒక్కతే వచ్చింది, బిడ్డను చీరకొంగులో చుట్టుకుని. సువార్తమ్మ అప్పుడే వసారా తుడుస్తోంది.

"మళ్ళీ తూస్తారాండీ?"

"నిన్ననే తూశాం గదమ్మా."

"ఇందాక అత్తయ్య కాళ్ళ మీదేసుకుని పిల్లకి నీళ్ళు పోస్తుంటే చూశానండీ. తొడలు పోయిన వారం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కడియాలే లావుగా ఉన్నాయి."

సువార్తమ్మ చీపురు గోడకు ఆనించింది. శేషు బల్ల మీద బిడ్డను పడుకోబెట్టి మురుగులు తీసింది, కడియాలు తీసింది. మొలతాడు ముడి ఎంత లాగినా రాలేదు. నూకరత్నం ముళ్ళు అలాంటివి. శేషు కత్తెర అడిగింది.

కత్తెర ఇచ్చేముందు సువార్తమ్మ ఒక్క క్షణం ఆగింది. "నేను తెంపాననే చెప్పు మీ అత్తగారికి. మాకీ పట్టింపులు లేవని ఊరుకుంటది."

"వద్దండీ" అంది శేషు. "ఇదొక్కటన్నా నా నోటితో నేను చెప్తాను."

దారం తెగిన చప్పుడు చాలా చిన్నది. శేషు వెండినంతా కుప్పగా నా తొట్టిలో పోసింది. నూట పది గ్రాములు. తర్వాత వెండి తీసి బిడ్డను పెట్టింది. రెండు కిలోల ఆరు వందల ఎనభై. ఎనిమిది రోజుల్లో పెరిగింది డెబ్బై గ్రాములు. అడిగినదాంట్లో సగం కూడా కాదు.

ఆమె తలుచుకుంటే ఇంటి దగ్గరే ఉండిపోయి ఉండవచ్చు. పుస్తకంలో మంచి అంకె ఉంది, దాని కింద గీత కూడా ఉంది. ఊరంతా పాలసొరను మెచ్చుకుంటోంది. ఆ అంకెను తానే వచ్చి తన చేతులతో చెరుపుకుంది. మనుషుల్ని గురించి నేను చులకనగా అన్న మాటలన్నీ ఆ రోజు వెనక్కి తీసుకున్నాను.

సువార్తమ్మ నోటుపుస్తకం తెరిచింది. 2,790 మీద అడ్డంగా కొట్టి, పక్కన 2,680 రాసి, సంతకం చేసింది. "నిన్న వెండి చూశాను" అంది. "చూసి కూడా లెక్కలోంచి తియ్యలేదు. తప్పు నాదమ్మా." అరవై మూడేళ్ళ మనిషి ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లతో ఆ మాట అన్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"ఐతే డబ్బాపాలేనాండీ?" అంది శేషు. 

"డబ్బాపాలు తప్పవు. ప్రతిసారీ పట్టాలి. కానీ..." అని సువార్తమ్మ ఏదో చెప్పబోతుండగా గేటు చప్పుడైంది. నూకరత్నం. ఇంట్లో తల్లీపిల్లా కనబడక వెతుక్కుంటూ వచ్చింది. ముందు బిడ్డను చూసింది, తర్వాత ఒట్టి మొలను చూసింది, తర్వాత బల్ల మీది వెండిని, కత్తెరను.

"ఏవే శేషూ! మొలతాడు తెంపావంటే నీకేం పోగాలం వచ్చిందే?"

"నేనే తెంపాను అత్తయ్యా. పిల్ల పెరగలేదు. నిన్న పెరిగింది వెండి."

"మరి పాలసొరో?"

"నాకు పాలసొర పనిచేయదు అత్తయ్యా." శేషు నిలబడే చెప్పింది. ఆపరేషన్ సంగతి, ఎప్పుడు, ఎందుకు, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదో. చివరి మాట పిల్ల వైపు చూస్తూ అంది. "పాలు తాగే యోగం లేని మనవరాల్ని ఇచ్చిందని మీరంటారని."

నూకరత్నం బల్ల అంచున కూలబడింది. నేను ఆ ఇంటి వసారాలో చాలామంది అత్తగార్లను చూశాను. కాబట్టి తర్వాత ఏం వస్తుందో ఊహించాను. నా ఊహ తప్పింది.

"ఎన్ని కుట్లు పడ్డాయే?" అంది.

"తెలీదత్తయ్యా. చాలా."

"ఎవరున్నారే నీ దగ్గర అప్పుడు?"

"అక్క రెండ్రోజులుంది. తర్వాత ఒక్కదాన్నే."

నూకరత్నం ముక్కు చీదుకుంది. తర్వాత ఉన్నట్టుండి కోపం తెచ్చుకుంది. "ఎన్ని పాలసొరలొండానే నీకు! తెల్లారకుండా రేవుకెళ్ళి, ఆ బెస్తోళ్ళతో నోరు నొప్పెట్టేలా బేరాలాడి! ఒక్కమాట సెప్తే ఆ సేపలన్నా బతికుండేవి గదే!"

ముందు సువార్తమ్మ నవ్వింది. తర్వాత శేషు, ఏడుస్తూనే. నూకరత్నం మాత్రం నవ్వలేదు. ఆమెకు నిజంగానే కోపం.

"మీరేదో సెప్పబోతున్నారు సిస్టరుగోరూ" అంది కాసేపటికి. "సెప్పండి. ఏం చెయ్యమంటారు?"

ఆ రోజు సువార్తమ్మ చేసింది పెద్ద వైద్యమేం కాదు. ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లలకు పాలు పట్టే సన్నటి గొట్టం ఒకటి మందుల షాపు నుంచి తెప్పించింది. నూడుల్ పోగంత ఉంటుంది. మరిగించి చల్లార్చిన నీళ్ళలో కలిపిన డబ్బాపాలు ఒక చిన్న గ్లాసులో పోసి, గొట్టం ఒక కొస అందులో ముంచింది. రెండో కొసను శేషు రొమ్ము మొన పక్కగా అంటుపట్టీతో అతికించింది. బిడ్డ రొమ్ము నోటపట్టి చీకితే తల్లి పాలు కొంచెం, గొట్టంలో పాలు కొంచెం కలిసి వస్తాయి. బిడ్డ కడుపు నిండుతుంది, తల్లి రొమ్ముకూ పని ఉంటుంది.

"గ్లాసెవరు పట్టుకుంటారు?" అంది శేషు. ఆమె రెండు చేతులూ బిడ్డ చుట్టూ ఉన్నాయి.

నూకరత్నం చెయ్యి చాచింది.

"పైకెత్తకండి, ఒక్కసారిగా పోతే పొలమారుద్ది. పిల్ల నోటికి సమంగా పట్టుకోండి" అంది సువార్తమ్మ. "ఆ, అంతే. పిల్ల ఆగితే దించండి. చీకితే ఎత్తండి."

"ఆయ్, అలాగేనండి." నూకరత్నం ఊపిరి బిగబట్టి గ్లాసు పట్టుకుంది. గ్లాసులో పాలు దిగడం కనిపించింది. బిడ్డ దవడ కదిలింది, గుటక వేసిన చప్పుడు వినబడింది. ఇంకొకటి. ఇంకొకటి. చివరికి నూకరత్నం గుసగుసగా అంది: "చెయ్యి తిమ్మిరెక్కిపోతందండి. మారిత్తే పర్లేదా?"

ఆ తర్వాత నాలుగైదు నెలలు వాళ్ళు వారానికి రెండుసార్లు వచ్చేవారు. జాహ్నవి బరువు పెరిగింది. తొందరగా కాదు, ఒక పద్ధతి ప్రకారం. ఎడమవైపు పాలు నలభై, నలభై ఐదు దాకా వచ్చాయి. కుడివైపు పదిహేను దాటలేదు. ఎప్పటికీ దాటలేదు. మిగతాది గ్లాసులోంచే. ఒకరోజు పక్కింటావిడ గొట్టాన్ని చూసి ఇదేం చోద్యమని అడిగితే, నూకరత్నం గ్లాసు దించకుండానే, "మా కోడలికి రెండే రొమ్ములు, నాదొకటి కలిపి మూడు. మీకేవన్నా ఇబ్బందా?" అంది. ఆవిడ మళ్ళీ అడగలేదు. శేషు సెలవు అయిపోయి డ్యూటీలో చేరాక పగటి పాలు మొత్తం నూకరత్నం గిన్నెతోనే పట్టేది. ఉదయం, సాయంత్రం మాత్రం తల్లి దగ్గర. అన్నం ముట్టించాక గొట్టం అక్కర్లేకపోయింది.

సువార్తమ్మ ఆ నీలం నోటుపుస్తకంలో ఎన్నో పేర్లు రాసింది. కొట్టివేత ఉన్న పేజీ ఆ ఒక్కటే. అప్పుడప్పుడు సాయంత్రం పూట ఆ పేజీ తెరిచి చూసుకునేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు, నేను తప్ప. 

మరుసటి ఏడాది మార్చిలో ఆమె పోయింది. జబ్బు పడలేదు. ఉదయం వసారా తుడిచింది, నా తొట్టి మీద దుమ్ము తుడిచింది, లోపలికి వెళ్ళి పడుకుంది. పదింటికి ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని వచ్చి, పిలిచి పిలిచి, లోపలికి వెళ్ళింది. ఆ రోజు ఆ బిడ్డను ఎవరూ తూచలేదు.

ఆమె గురించి ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు. నా తొట్టి ఇప్పటికీ ఉదయం చల్లగా ఉంటుంది. అంతే.

మధ్యాహ్నానికి శవపేటిక వసారాలో బల్ల పక్కనే పెట్టారు. సంఘం వాళ్ళు వచ్చి పాటలు పాడారు. వీధి మొత్తం నిండిపోయింది. ఎత్తుకునే పిల్లల నుంచి పెళ్ళీడు పిల్లల దాకా, ఒకప్పుడు నా మీద పడుకున్నవాళ్ళే. నన్ను ఎవరో గోడవైపు జరిపి, నా పక్కన ఒక స్టూలు వేశారు.

శేషు డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. ఖాకీ చొక్కా, మెడలో ఇంకా టికెట్ల సంచి. నూకరత్నం జాహ్నవిని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు పదమూడు నెలలు. అంతమంది ఏడుపులు, పాటలు, అగరుబత్తుల పొగ. పిల్ల బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది. నూకరత్నం ఊపింది, బిస్కెట్టు ఇచ్చింది, కాకిని చూపించింది. ఏదీ పనిచేయలేదు. పిల్ల తల్లి వైపు రెండు చేతులూ చాచి ఖాకీ చొక్కా గుండీ పట్టుకుని లాగింది.

"ఇక్కడా?" అంది శేషు చుట్టూ చూసి.

"ఇక్కడ కాపోతే ఇంకెక్కడే?" అంది నూకరత్నం. సంచి పట్టీ కోడలి మెడలోంచి తీసి తన భుజాన వేసుకుంది. తన కొంగు విప్పి కోడలి చుట్టూ అడ్డం పట్టింది.

శేషు నా పక్కన స్టూలు మీద కూర్చుంది. గ్లాసు లేదు, గొట్టం లేదు. పిల్ల కుడివైపే పట్టుకుంది. పాలు దాదాపు లేని వైపు. ఒక చెయ్యి తల్లి భుజం మీది పాత గాడిలో పెట్టుకుని, ఒక కాలు గాలిలో ఆడిస్తూ, మధ్యమధ్య వెక్కుతూ, తర్వాత వెక్కడం మానేసి చీకింది. సంఘం వాళ్ళు ఇంకొక పాట ఎత్తుకున్నారు. ఆడుతున్న కాలు నెమ్మదించింది, ఆగిపోయింది. పిల్ల నిద్రపోయింది, నోరు రొమ్ము వదలకుండానే.

ఎంత తాగిందో నాకు తెలియదు. నన్ను ఎవరూ అడగలేదు.